కొరతకూ ఖరీదుకూ నడుమ: అమెరికాలో బరువు తగ్గించే కాంపౌండింగ్ మందుల చరిత్ర (1933–2025)

వ్యాససంగ్రహం

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2022–2025 మధ్య అమెరికాలో రెండు రూపాలలో లభించాయి. ఒకటి అనుమతి పొందిన కంపెనీ మందు. రెండవది ఫార్మసీలు సొంతంగా కలిపి తయారుచేసిన కాంపౌండింగ్ మందు. మొదటిది ఖరీదైనది, రెండవది పరీక్షకు నిలవనిది అన్న వాదం ఆ దేశంలో విస్తృతంగా సాగింది. ఈ వాదాన్ని తాత్కాలిక వివాదంగా కాక, 1930ల నుంచి కొనసాగుతున్న ఒక చట్టచరిత్రలో భాగంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భద్రత, ధర అనేవి రెండు వేర్వేరు సమస్యలు కావనీ, ధర పెరిగిన ప్రతిచోటా చట్టంలోని సందుల గుండా పరీక్షించని మందు రోగిని చేరుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాంపౌండింగ్, సెమాగ్లుటైడ్, ఔషధ చట్టాలు, ఔషధ ధరలు, స్థూలకాయం, ఔషధ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

'కాంపౌండర్' అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. వైద్యుడు చీటీ రాస్తే, దాని ప్రకారం మందులు కలిపి, రంగునీళ్ల సీసాలో పోసి ఇచ్చే వ్యక్తి అతడు. సీసాకు ఒక పక్క గాట్లు కత్తిరించిన కాగితపు చీటీ అంటించి ఉండేది. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. చదువురాని రోగి కూడా ఆ గాట్లను చూసి ఎంత తాగాలో తెలుసుకొనేవాడు. కర్మాగారాలలో తయారైన మాత్రలు వచ్చాక ఈ పద్ధతి క్రమంగా తెరమరుగైంది. కాంపౌండర్ అనే పేరు మాత్రం ఆసుపత్రి సహాయకుడికి మారుపేరుగా చాలాకాలం నిలిచింది.

అమెరికాలో ఆ వృత్తి పూర్తిగా అంతరించలేదు. మాత్ర మింగలేని పిల్లవాడికి ద్రవరూపంలో మందు చేయడం, మందులోని రంగు పదార్థం పడని రోగికి అది లేకుండా తయారుచేయడం వంటి అవసరాలు ఎప్పుడూ ఉంటాయి. ఒక రోగికోసం, ఒక వైద్యుడి చీటీపై, ఒక ఫార్మసిస్టు చేసే ఈ పనినే కాంపౌండింగ్ అంటారు. ఇలా తయారైన మందుకు ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోనవసరం లేదు. ఒక్కరికోసం చేసే మందుపై వేలమందితో ప్రయోగాలు జరపడం సాధ్యం కాదు గనుక ఈ మినహాయింపు సహేతుకమే. అయితే ఒక్కరికోసం ఉద్దేశించిన మినహాయింపును లక్షలమందికి వర్తింపజేస్తే ఏమవుతుంది? గత కొన్నేళ్లలో బరువు తగ్గించే మందుల విషయంలో తలెత్తిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతకాలంటే తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2. చట్టానికి అందని మందు: 1930లు

1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ టైంటర్, విండ్సర్ కటింగ్ అనే పరిశోధకులు డైనైట్రోఫినాల్ అనే రసాయనం శరీర జీవక్రియను పెంచి బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. ఇది రంగుల పరిశ్రమలోనూ పేలుడు పదార్థాల తయారీలోనూ వాడే చౌక రసాయనం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సు ఆయుధ కర్మాగారాల కార్మికులు దీని ప్రభావానికి లోనై చిక్కిపోవడం, కొందరు మరణించడం అప్పటికే నమోదైన విషయం. అయినా అమెరికాలో ఈ మందు వేగంగా వ్యాపించింది. తొలి రెండేళ్లలోపే లక్షమందికి పైగా దీనిని వాడి ఉంటారని టైంటరే అంచనా వేశారు. కొద్దికాలానికే శరీర ఉష్ణోగ్రత అదుపుతప్పి మరణాలు సంభవించాయి. యువతులకు సైతం కంటిలో శుక్లాలు ఏర్పడ్డాయి.

ఇంత జరుగుతున్నా ప్రభుత్వం చేతులు కట్టుకొని చూడవలసి వచ్చింది. అందుకు కారణం చట్టంలోని ఒక నిర్వచనం. 1906 నాటి ఔషధ చట్టం ప్రకారం వ్యాధిని నయంచేయడానికో నివారించడానికో ఉద్దేశించినదే ఔషధం. లావుగా ఉండటం వ్యాధి కాదు గనుక, సన్నబడటానికి వాడే పదార్థం ఔషధం కిందికి రాదు. థైరాయిడ్ సారంతో చేసిన 'మార్మోలా' అనే సన్నబడే మందు విషయంలోనూ ఇటువంటి చిక్కే ఎదురైంది. దాని ప్రకటనలను ఆపాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రయత్నించగా, పోటీ వ్యాపారులకు నష్టం జరిగినట్లు రుజువు కాలేదంటూ 1931లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. వినియోగదారునికి కలిగే హాని ఒక్కటే అప్పట్లో చాలిన కారణం కాలేదు.

1937లో టెనెసీ రాష్ట్రానికి చెందిన మాసెంగిల్ కంపెనీ సల్ఫనిలమైడ్ మందును డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మగా వందమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు అనేకులు. ఆ సీసాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోగలిగింది విషపూరితమన్న కారణంతో కాదు. ఆల్కహాలు లేని ద్రవానికి 'ఎలిగ్జిర్' అని తప్పుడు పేరు పెట్టారన్న కారణంతోనే. ఈ దుర్ఘటన ఫలితంగా 1938 జూన్‌లో కొత్త ఆహార, ఔషధ, సౌందర్యసాధనాల చట్టం వచ్చింది. కొత్త మందు అమ్మకానికి ముందే భద్రతను నిరూపించాలన్న నియమం ఈ చట్టంతోనే మొదలైంది. శరీర నిర్మాణాన్ని గాని, దాని పనితీరును గాని ప్రభావితం చేసే పదార్థం కూడా ఔషధమేనని నిర్వచనాన్ని విస్తరించారు. సన్నబడే మందులను చట్టం పరిధిలోకి తెచ్చినది ఈ సవరణే. అంటే ఆధునిక ఔషధ నిర్వచనం రూపుదిద్దుకోవడంలో బరువు తగ్గించే మందులకు ప్రత్యక్ష పాత్ర ఉందన్నమాట.

3. రంగురంగుల మాత్రలు: 'మీకోసమే' అన్న భ్రమ

1938 చట్టం తరువాత సన్నబడే మందుల వ్యాపారం ఆగిపోలేదు, రూపం మార్చుకొంది. 1940ల నుంచి ఆంఫెటమిన్, థైరాయిడ్ హార్మోను, మూత్రవిసర్జనను పెంచే మందులు, విరేచనకారులు, గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్ వంటివాటిని కలిపి వేర్వేరు రంగుల మాత్రలుగా చేసి అమ్మే పద్ధతి ప్రబలింది. వీటికి 'రెయిన్‌బో మాత్రలు' అని పేరు. కంపెనీలు వీటిని నేరుగా సన్నబడే క్లినిక్కుల వైద్యులకు సరఫరా చేసేవి. వైద్యుడు అక్కడికక్కడే రోగికి అమ్మేవాడు. చీటీ రాసినవాడూ అమ్మినవాడూ ఒకడే కావడంతో మూడో కన్ను దానిపై పడలేదు.

ఈ వ్యాపారంలో రంగులకు ఒక ప్రయోజనం ఉంది. పొద్దున ఎరుపు, మధ్యాహ్నం పసుపు, రాత్రి నీలం అంటూ ఒక్కో రోగికి ఒక్కో వరస ఇచ్చినప్పుడు, ఈ మందు తనకోసమే ప్రత్యేకంగా కూర్చినదని రోగి నమ్ముతాడు. నిజానికి అవన్నీ కర్మాగారంలో మూకుమ్మడిగా తయారైనవే. 1968 జనవరిలో 'లైఫ్' పత్రిక విలేకరి సుసానా మెక్‌బీ పదిమంది వైద్యులను సందర్శించారు. ఆమె లావుగా లేకపోయినా వేయికి పైగా మాత్రలు ఆమె చేతికి వచ్చాయి. అదే సంవత్సరం సెనేటర్ ఫిలిప్ హార్ట్ ఆధ్వర్యంలో విచారణలు జరిగి, ఈ మాత్రల వల్ల సంభవించిన మరణాలు వెలుగులోకి వచ్చాయి. తరువాత ఎఫ్‌డిఎ వాటిని పెద్దయెత్తున స్వాధీనం చేసుకొంది.

'వ్యక్తిగతంగా రూపొందించినది' అన్న మాట ఒక మందుకు శాస్త్రీయ ఆధారం లేకున్నా గౌరవం తెచ్చిపెట్టగలదని ఈ ఘట్టం నిరూపించింది. ఇదే మాట 2025లో మళ్లీ వినిపించడం యాదృచ్ఛికం కాదు.

4. 1997 నుంచి 2013 వరకు: మినహాయింపునకు హద్దులు

1997 సంవత్సరం ఈ చరిత్రలో రెండు విధాల ముఖ్యమైనది. ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్మిన్ అనే రెండు మందులను కలిపి వాడే 'ఫెన్-ఫెన్' పద్ధతి 1990లలో విపరీతంగా వ్యాపించింది. ఈ రెండింటికీ విడివిడిగా అనుమతి ఉంది గాని, కలిపి వాడటానికి లేదు. 1997లో మేయో క్లినిక్ వైద్యులు 24 మంది స్త్రీలలో గుండె కవాటాల జబ్బును గుర్తించి ప్రకటించారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లురమిన్, డెక్స్‌ఫెన్‌ఫ్లురమిన్ మందులు మార్కెట్టు నుంచి ఉపసంహరణకు గురయ్యాయి. విడివిడిగా అనుమతి ఉన్నంతమాత్రాన కలయికకు భద్రత సిద్ధించదని ఈ ఉదంతం తెలిపింది.

అదే ఏడాది నవంబరులో అమెరికా కాంగ్రెసు కాంపౌండింగ్‌కు తొలిసారి స్పష్టమైన చట్టరూపం ఇచ్చింది. 503ఎ అనే ఆ సెక్షను ప్రకారం, నిర్దిష్ట రోగి చీటీపై కలిపిన మందుకు ముందస్తు అనుమతి, కర్మాగార స్థాయి తయారీ ప్రమాణాలు, పూర్తి వాడకపు సూచనల ముద్రణ అనే మూడు నిబంధనల నుంచి మినహాయింపు లభిస్తుంది. ప్రతిఫలంగా ఫార్మసీ కొన్ని హద్దులు పాటించాలి. మార్కెట్టులో దొరికే మందుకు దాదాపు నకలు అనదగిన దానిని పదేపదే గాని, పెద్దమొత్తంలో గాని తయారుచేయరాదు. ఫలానా మందును కలుపుతామని ప్రకటనలు ఇవ్వరాదు.

ఈ చివరి హద్దు ఎక్కువకాలం నిలవలేదు. 2002లో థాంప్సన్ వర్సెస్ వెస్టర్న్ స్టేట్స్ మెడికల్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ప్రకటనల నిషేధం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. మిగిలిన సెక్షను చెల్లుతుందా లేదా అన్నదానిపై దిగువ న్యాయస్థానాలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చాయి. పశ్చిమ రాష్ట్రాలలో మొత్తం సెక్షను చెల్లకుండా పోగా, టెక్సాస్ పరిధిలో ప్రకటనల భాగం తప్ప మిగిలినది చెల్లుబాటైంది. ఒకే దేశంలో ఒకే చట్టం ప్రాంతాన్ని బట్టి మారిన ఈ అయోమయంలోనే 2012 దుర్ఘటన సంభవించింది.

మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రామింగ్‌హామ్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బూజు సోకి కలుషితమయ్యాయి. వెన్నులోకి ఎక్కించిన ఆ మందు వల్ల 20 రాష్ట్రాలలో 753 మంది జబ్బుపడగా 64 మంది మరణించారు. పేరుకు అది ఫార్మసీ, పనికి కర్మాగారం. దీని పర్యవసానంగా 2013 నవంబరులో మరో చట్టం వచ్చింది. 503బి పేరిట 'అవుట్‌సోర్సింగ్ కేంద్రాలు' అనే కొత్త వర్గం ఏర్పడింది. ఇవి రోగి చీటీ లేకుండానే పెద్దమొత్తంలో మందు తయారుచేయవచ్చు. అందుకు బదులుగా కర్మాగార ప్రమాణాలు పాటించాలి, ఎఫ్‌డిఎ తనిఖీలకు లోబడాలి, దుష్ప్రభావాలను నివేదించాలి. చిన్న ఫార్మసీలకు 503ఎ కింద పాత మినహాయింపులు కొనసాగాయి. రాజ్యాంగవిరుద్ధమన్న ప్రకటనల నిషేధాన్ని చట్టం నుంచి తొలగించారు. ఈ రెండు వర్గాలకూ ఉమ్మడిగా ఒక వెసులుబాటు మిగిలింది. ఎఫ్‌డిఎ కొరత జాబితాలో ఉన్న మందును నకలుగా పరిగణించరు. 2022లో తలుపు తెరుచుకొన్నది ఇక్కడే.

5. కొత్త మందు, కొత్త ధర

సెమాగ్లుటైడ్ మధుమేహానికి 'ఓజెంపిక్' పేరిట 2017 డిసెంబరులోనూ, బరువు తగ్గడానికి 'వెగోవీ' పేరిట 2021 జూన్‌లోనూ అమెరికాలో అనుమతి పొందింది. టిర్జెపటైడ్ 'మౌంజారో'గా 2022లో, 'జెప్‌బౌండ్'గా 2023 నవంబరులో అనుమతి పొందింది. మునుపటి సన్నబడే మందులకూ వీటికీ ప్రధానమైన తేడా ఆధారాల పటిష్ఠత. 2021లో వెలువడిన ప్రయోగంలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల తరువాత సెమాగ్లుటైడ్ వాడినవారి బరువు సగటున 14.9 శాతం తగ్గగా, ఉత్తుత్తి మందు తీసుకొన్నవారికి తగ్గినది 2.4 శాతమే. 2023లో 17,604 మందిపై జరిగిన మరో ప్రయోగం, గుండెజబ్బు ఉన్న స్థూలకాయులలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణం వంటి ఘటనలు 20 శాతం తగ్గినట్లు తెలిపింది. అందువల్ల దీనిని కేవలం అందానికి సంబంధించిన మోజుగా తీసిపారేయడానికి వీలులేదు. స్థూలకాయాన్ని వ్యాధిగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లోనే గుర్తించింది.

ఇంతటి మందు 2021లో మార్కెట్టులోకి వచ్చినప్పుడు అమెరికా ప్రకటిత ధర నెలకు 1,349 డాలర్లు. ఏడాదికి 16 వేల డాలర్లు దాటేది. మందు మానినవారు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోనే తిరిగి పెరిగినట్లు 2022 నాటి అధ్యయనం వెల్లడించింది. అంటే ఈ ఖర్చు ఒకటి రెండు నెలలది కాదు, దీర్ఘకాలికమైనది. వృద్ధులకు ప్రభుత్వం కల్పించే మెడికేర్ బీమా, బరువు తగ్గించే మందులకు చెల్లించరాదని 2003 నాటి చట్టమే నిషేధించింది. ప్రైవేటు బీమాలూ చాలావరకు ముఖం చాటేశాయి.

ఈ ధర ఉత్పత్తి ఖర్చును ప్రతిబింబించదు. సెమాగ్లుటైడ్ నెలసరి మోతాదును 0.89 నుంచి 4.73 డాలర్ల మధ్య తయారుచేయవచ్చని యేల్ పరిశోధకులు పాల్గొన్న 2024 నాటి అధ్యయనం లెక్కగట్టింది. అమెరికాలో 969 డాలర్లకు అమ్ముతున్న ఓజెంపిక్ కెనడాలో 155, డెన్మార్కులో 122, జర్మనీలో 59 డాలర్లకే లభిస్తోందని సెనేటర్ బెర్నీ శాండర్స్ ఎత్తిచూపారు. 2024 సెప్టెంబరులో నోవో నోర్డిస్క్ అధిపతి సెనేట్ కమిటీ ముందు హాజరై, మధ్యవర్తి సంస్థలకు ఇచ్చే రాయితీలు పోగా తమకు దక్కేది ప్రకటిత ధరకంటే చాలా తక్కువని వాదించారు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని బీమా లేని రోగి అప్పట్లో కౌంటరు వద్ద చెల్లించవలసి వచ్చింది ప్రకటిత ధరనే.

6. కొరత జాబితా: ఒక పరిపాలనా పత్రం మార్కెట్టుగా మారిన తీరు

గిరాకీని తయారీ అందుకోలేక సెమాగ్లుటైడ్ 2022లో కొరత జాబితాకు ఎక్కింది. ఆ ఏడాది చివర టిర్జెపటైడ్ చేరింది. దీనితో నకలు నిషేధం తాత్కాలికంగా సడలి, కాంపౌండింగ్ ఫార్మసీలు ఈ మందుల తయారీకి పూనుకొన్నాయి. కోవిడ్ కాలంలో బలపడిన దూరవైద్య సంస్థలు వీటికి తోడయ్యాయి. అంతర్జాలంలో ఒక ప్రశ్నావళి పూరిస్తే వైద్యుని చీటీ, దాని వెంటే మందు ఇంటికి చేరే ఏర్పాటు నెలకొంది. 2024 మేలో ఒక పెద్ద సంస్థ నెలకు 199 డాలర్లకే కాంపౌండింగ్ సెమాగ్లుటైడ్‌ను ప్రకటించింది. కంపెనీ ధరలో ఇది దాదాపు ఏడో వంతు.

కొరత జాబితా ఉద్దేశం సరఫరాలోని లోటును గుర్తించడం మాత్రమే. దుకాణంలో సరుకు ఉందా లేదా అన్నదే దానికి పట్టింపు. సరుకు ఉండి కొనే స్తోమత లేకపోవడం దాని లెక్కలోకి రాదు. తెలుగులో 'అందుబాటు' అనే ఒకే మాట ఈ రెండర్థాలనూ ఇముడ్చుకొంది. దొరకని వస్తువూ అందుబాటులో లేనిదే, కొనలేని వస్తువూ అందుబాటులో లేనిదే. అమెరికా చట్టం వీటిలో మొదటిదాన్ని మాత్రమే గుర్తించింది. రోగులు మాత్రం రెండవ కారణంతోనే ఎక్కువగా కాంపౌండింగ్ మందును ఆశ్రయించారు. చట్టం ఇచ్చిన కారణమూ ప్రజలు వాడుకొన్న కారణమూ వేరు కావడమే తరువాతి సంఘర్షణకు మూలం.

7. భద్రత: తెలిసినదీ నమోదు కానిదీ

కాంపౌండింగ్ మందు ప్రమాదకరమని ఏకమొత్తంగా తీర్మానించడం చరిత్రకారునికి తగదు. నిబంధనలు పాటించే కేంద్రాలున్నాయి. వాటి మందు వాడి మేలు పొందినవారూ ఉన్నారు. సమస్య వేరేచోట ఉంది. ఏ సీసా మంచిదో, ఏది కాదో రోగి తెలుసుకొనే మార్గం లేదు.

మొదటి అంశం మోతాదు. కంపెనీ మందు ఎక్కువగా నిర్ణీత మోతాదును వదిలే పెన్నులో వచ్చేది. కాంపౌండింగ్ మందు అనేక మోతాదులు పట్టే చిన్న సీసాలో వస్తుంది. రోగి సిరంజితో స్వయంగా లాగుకోవాలి. వైద్యుడు మిల్లీగ్రాములలో చెబుతాడు, సీసాపై గాఢత మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది, ఇన్సులిన్ సిరంజిపై యూనిట్లు ఉంటాయి. తొలి మోతాదు 0.25 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల గాఢత ఉన్న సీసా నుంచి లాగవలసింది 5 యూనిట్లు. పొరపాటున 50 యూనిట్లు లాగితే శరీరంలోకి వెళ్లేది 2.5 మిల్లీగ్రాములు. నెలల తరబడి క్రమంగా పెంచుకొంటూ చేరవలసిన అప్పటి గరిష్ఠ మోతాదు 2.4 కంటే ఇది ఎక్కువ. ఇది ఊహాజనితమైన లెక్క కాదు. ఉద్దేశించిన దానికి 5 నుంచి 20 రెట్లు మందు ఎక్కించుకొని కొందరు ఆసుపత్రి పాలైనట్లు 2024 జులైలో ఎఫ్‌డిఎ హెచ్చరించింది. ఈ మందు సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది గనుక వాంతులు, నిర్జలీకరణం రోజుల తరబడి వదలవు. పాత కాంపౌండరు సీసాకు అంటించిన గాట్ల కాగితం చేసిన పని ఎంత ముఖ్యమైనదో ఇక్కడ అవగతమవుతుంది.

రెండవది ముడిపదార్థం. కొందరు తయారీదారులు సెమాగ్లుటైడ్‌కు బదులు దాని సోడియం, అసిటేట్ లవణాలను వాడినట్లు ఎఫ్‌డిఎ గుర్తించింది. అనుమతి పొందిన మందులో ఉన్న పదార్థం ఇది కాదు. దిగుమతి అవుతున్న ముడిపదార్థం నాణ్యతపై అనుమానంతో 2025 సెప్టెంబరులో దిగుమతి హెచ్చరిక కూడా జారీ అయింది.

మూడవది నమోదు. 2025 జులై చివరినాటికి కాంపౌండింగ్ సెమాగ్లుటైడ్‌పై 605, టిర్జెపటైడ్‌పై 545 దుష్ప్రభావ నివేదికలు ఎఫ్‌డిఎకు అందాయి. ఈ అంకెలను రెండు విధాల జాగ్రత్తతో చదవాలి. నివేదిక వచ్చినంతమాత్రాన దానికి మందే కారణమని రుజువు కాదు. అలాగే 503ఎ ఫార్మసీలకు నివేదించే బాధ్యతే లేదు గనుక, సంఖ్య చిన్నదైనంతమాత్రాన హాని చిన్నదని కూడా కాదు. ఎంతమంది వాడారన్న లెక్క తెలియకుండా ఎంత శాతానికి హాని జరిగిందో చెప్పలేం. ఈ మందుల భద్రత గురించి ఇరుపక్షాలూ అంత గట్టిగా వాదించగలగడానికి ఈ నమోదు లోపమే అవకాశం కల్పించింది.

8. కొరత ముగిసిన తరువాత

2024 అక్టోబరులో టిర్జెపటైడ్ కొరత తీరిందని ఎఫ్‌డిఎ ప్రకటించింది. అవుట్‌సోర్సింగ్ కేంద్రాల సంఘం టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేయగా, ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలించి డిసెంబరులో తిరిగి ఖాయం చేసింది. 2025 ఫిబ్రవరి 21న సెమాగ్లుటైడ్ కొరత కూడా ముగిసినట్లు వెల్లడైంది. ఫార్మసీలకు ఏప్రిల్ 22 వరకు, అవుట్‌సోర్సింగ్ కేంద్రాలకు మే 22 వరకు గడువు దక్కింది.

గడువు ముగిసినా కథ ముగియలేదు. రోగికి గణనీయమైన ప్రయోజనం కలిగించే మార్పు ఉందని వైద్యుడు నిర్ధారిస్తే అది నకలు కాదని చట్టంలోనే ఉంది. దానిని ఆసరా చేసుకొని కొన్ని ఫార్మసీలు విటమిన్ బి12 కలపడం, ప్రామాణికం కాని మోతాదులు ఇవ్వడం ద్వారా 'వ్యక్తిగత చికిత్స' పేరిట అమ్మకాలు కొనసాగించాయి. కొందరు రోగులకు చిన్న మోతాదు నిజంగానే అవసరం కావచ్చు. కాని ఆ అవసరం లక్షలమందికి ఒకేసారి కలిగిందంటే నమ్మడం కష్టం. 1960ల రంగుమాత్రల తర్కం రంగు మార్చుకొని తిరిగి వచ్చినట్లు భావించడానికి ఇక్కడ ఆస్కారం ఉంది. 2025 సెప్టెంబరులో తప్పుదారి పట్టించే ప్రకటనలపై ఎఫ్‌డిఎ పలు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

మరోవైపు ధర విషయంలో చెప్పుకోదగిన పరిణామం జరిగింది. ఎలై లిల్లీ 2024 ఆగస్టులో బీమాతో నిమిత్తం లేకుండా నేరుగా కొనేవారికి జెప్‌బౌండ్ తొలి మోతాదును సీసాలలో నెలకు 399 డాలర్లకు ఇవ్వసాగింది. నోవో నోర్డిస్క్ 2025 మార్చిలో వెగోవీని 499 డాలర్లకు, నవంబరులో 349 డాలర్లకు తగ్గించింది. నాలుగేళ్లపాటు కదలని ధర ఏడాదిన్నరలో ఇంతగా దిగడానికి రెండు కంపెనీల మధ్య పోటీ, రాజకీయ ఒత్తిడి కూడా కారణాలే. అయినా కాంపౌండింగ్ మందు చూపిన 199 డాలర్ల అంకె ఆ ఒత్తిడిలో భాగం కాదనలేం. పరీక్షించని మందు వల్ల కొందరు ప్రమాదానికి లోనయ్యారు. అదే మందు ఉనికి వల్ల పరీక్షించిన మందు ధర కొంత దిగివచ్చింది. ఈ రెండు వాస్తవాలనూ కలిపి చూడకపోతే చరిత్ర సగమే అవుతుంది.

9. మూడో మార్గం: జెనరిక్ మందు, హైదరాబాదు

ఖరీదైన అసలు మందు, అనుమతి లేని చౌక మందు అన్న ఈ రెండింటికీ భిన్నమైన మార్గం ఒకటుంది. అది జెనరిక్ మందు. కాంపౌండింగ్ మందుకూ జెనరిక్‌కూ చౌకదనంలో పోలిక ఉన్నా స్వభావంలో లేదు. జెనరిక్ తయారీదారు తన మందు అసలు మందుతో సమానమని నియంత్రణ సంస్థకు నిరూపించాలి, కర్మాగార ప్రమాణాలు పాటించాలి. అమెరికాలో ఆధునిక జెనరిక్ వ్యవస్థకు పునాది వేసిన హాచ్-వాక్స్‌మన్ చట్టం వచ్చినది 1984లో. ఐడిపిఎల్‌లో పనిచేసిన అనుభవంతో అంజిరెడ్డి హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించినదీ ఆ ఏడాదే. 1970 నాటి భారతీయ పేటెంటు చట్టం మందు పదార్థంపై కాక తయారీ విధానంపైనే పేటెంటును అనుమతించడం వల్ల ఇక్కడి పరిశ్రమ చౌకగా, నియంత్రణకు లోబడి మందులు చేసే నైపుణ్యాన్ని సాధించింది.

సెమాగ్లుటైడ్ విషయంలో ఆ నైపుణ్యం మళ్లీ చర్చకు వచ్చింది. పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసేందుకు డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఈ మందును తయారుచేయడాన్ని నోవో నోర్డిస్క్ సవాలు చేయగా, 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ తయారీని నిలిపివేయడానికి నిరాకరించింది. భారతదేశంలో ప్రధాన పేటెంటు గడువు 2026 మార్చి వరకే. అమెరికాలో మాత్రం అది 2030ల తొలి సంవత్సరాల వరకు సాగుతుంది. ఒకే మందు ఒక దేశంలో జెనరిక్‌గా నియంత్రణ నడుమ చౌకబడటం, మరో దేశంలో కాంపౌండింగ్ రూపంలో నియంత్రణకు అంచున చౌకబడటం ఈ తేడా ఫలితమే.

అయితే చౌకదనం రావడంతోనే జాగ్రత్త తీరిపోదు. వైద్యుని పర్యవేక్షణ, మోతాదు నియమం, నకిలీల నివారణ మన దేశంలోనూ అంతే అవసరం. మందుల చీటీ లేకుండా దుకాణంలో మందు దొరికే అలవాటు ఉన్నచోట ఈ అవసరం మరింత ఎక్కువ.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. 1933 డైనైట్రోఫినాల్ మొదలు 2025 సెమాగ్లుటైడ్ వరకు, బరువు తగ్గించే మందులు చట్టంలోని నిర్వచనాల సరిహద్దుల వద్దనే వ్యాపించాయి. ఒకప్పుడు 'ఔషధం' అన్న నిర్వచనం, తరువాత 'వ్యక్తిగత చికిత్స', ఇటీవల 'కొరత' అందుకు ఆధారమయ్యాయి.

2. 1938, 2013 చట్టాలు రెండూ మరణాల తరువాత వచ్చినవే. 1997లో ముందుచూపుతో పెట్టిన ప్రకటనల హద్దు న్యాయపరీక్షకు నిలవలేదు.

3. కాంపౌండింగ్ మందుల భద్రతపై నిశ్చయంగా మాట్లాడలేకపోవడానికి ప్రధాన కారణం నమోదు వ్యవస్థలోని లోపం. 503ఎ ఫార్మసీలకు కూడా దుష్ప్రభావాలను నివేదించే బాధ్యత ఉంటే ఈ చర్చ ఆధారాలపై నడిచేది.

4. సరఫరా కొరతను గుర్తించే చట్టం స్తోమత కొరతను గుర్తించదు. ఆ లోటును పూరించే పని అనుమతి లేని మార్కెట్టు చేతికి వెళ్లింది.

మందును పరీక్షించే ఖర్చును సమాజం భరించడానికి సిద్ధపడకపోతే, పరీక్షించని మందు ప్రమాదాన్ని రోగి ఒంటరిగా భరించవలసి వస్తుంది. డబ్బున్నవాడు పెన్నునూ, లేనివాడు సీసానూ సిరంజినీ ఎంచుకొన్నప్పుడు దానిని స్వేచ్ఛాయుతమైన ఎంపిక అనడం కష్టం. ఔషధ చరిత్రను చదివేవారు భద్రతా చట్టాలను ఒక గ్రంథంలోనూ ధరల చరిత్రను మరొక గ్రంథంలోనూ వెతకడం పరిపాటి. ఆ రెండింటినీ ఒకేచోట చదవవలసిన అవసరాన్ని ఈ ఉదంతం నిరూపిస్తోంది.